తోడు వేసిన మందు

మా అమ్మ కుడిచెయ్యి మళ్లీ కదిలిన రోజున, ఆ చెయ్యి చేసిన మొదటి పని నా కూతుర్ని తోసెయ్యడం.

ధృతి అప్పుడు మంచంపట్టె మీద కూర్చుని మామ్మకి ఎక్కాలు అప్పజెబుతోంది. పక్షవాతం వచ్చి కుడిపక్కంతా పడిపోయి, మాట కూడా పోయిన మనిషికి ఎక్కాలెందుకే అంటే, "మామ్మకి బోరు కొడుతుంది కదా నాన్నా" అంది. ఇంగ్లీషు మీడియం ఎక్కాలు. "ట్వెల్వ్ సిక్స్ జా సెవెంటీ టూ" దగ్గర ఉండగా దుప్పటి కింద ఏదో కదిలింది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. అన్నాళ్లూ కొయ్యముక్కలా పడి ఉన్న చెయ్యి మెల్లగా లేచి పిల్ల భుజం మీద ఆనింది. ముద్దు చేస్తుందనుకున్నాను. తోసింది. ఉన్న బలమంతా పెట్టి తోసింది. పిల్ల మంచం పక్కన పడి, ఏడవడం కూడా మరిచిపోయి మామ్మ మొహంలోకి చూస్తూ ఉండిపోయింది.

నేనేమో కిందపడ్డ పిల్లని ఎత్తుకోవడం మానేసి వీధిలోకి పరిగెత్తి, "కదిలింది! మా అమ్మ చెయ్యి కదిలింది!" అని పేటంతా వినపడేలా అరిచాను. సంతోషం వస్తే మనిషికి కళ్లు కనిపించవు.

రాజమండ్రి దానవాయిపేటలో మాది పసరుమందు ఇల్లు. ఆదివారం, గురువారం పొద్దున్నే పచ్చకామెర్ల పిల్లల్ని చంకనేసుకుని జనం మా అరుగు మీద కూర్చునేవారు. మా అమ్మ మాణిక్యాంబ తడిబట్టతో పెరట్లోకి వెళ్లి ఆకు కోసుకొచ్చి, నూరి, పరగడుపున గుక్కెడు పసరు పోసేది. పథ్యం చెప్పేది. రూపాయి పుచ్చుకోకూడదని నియమం. చాలామందికి తగ్గేది. తగ్గేలా లేదనిపిస్తే, "ఇది నా చేతిలో లేదమ్మా, పెద్దాసుపత్రికి తీసుకుపొండి" అని తనే పంపించేసేది. ఆకుపసరు కదా, ఏం చేస్తుందిలే అన్నవాళ్లని మాత్రం ఊరుకునేది కాదు. "మందుకీ విషానికీ గుక్కెడే తేడా" అని కసిరేది.

పెరటి గోడవార ఒక తీగ ఉండేది. మారేడుమిల్లి అవతలి కొండల్నించి మా ముత్తాతల కాలంలో ఎవరో తెచ్చారట. అంటుతీగ అనేది అమ్మ. దానికి సొంత ఆకంటూ లేదు. మందారం మీద పాకితే మందారాకులా, కరివేపచెట్టుకి చుట్టుకుంటే కరివేపాకులా ఆకు వేసేది. నేను ఎన్నిసార్లు చూసినా ఏది తీగో, ఏది చెట్టో చెప్పలేకపోయేవాణ్ని. అమ్మ ఆకు నలిపి వాసన చూసి పట్టుకునేది. అప్పుడే కోసిన దోసకాయ వాసన. కొన్నాళ్లకి ఆ మందారం ఎండిపోయింది. తీగ మాత్రం మందారాకులతో పచ్చగా ఉండేది. చీడ పట్టి చెట్టు పోయిందనుకున్నాం.

పక్షవాతానికి, నరాలు చచ్చుబడినదానికి ఆ తీగ పసరే మందు. కానీ నాకు ఊహ తెలిశాక అమ్మ అది ఎవరికీ ఇవ్వగా చూడలేదు. ఒకసారి కోరుకొండ వైపు నుంచి ఒక పాడిరైతు వచ్చాడు. భార్య మంచానపడింది, ఇంట్లో చూస్తే ఇద్దరు చంటిపిల్లలు. కాళ్లావేళ్లా పడ్డాడు. "మీ ఇంట్లో తోడు లేదయ్యా, నేనివ్వను" అంది అమ్మ.

"అదేంటండమ్మా, మా ఇంట్లో తోడుకి కరువేంటండీ? దొడ్డినిండా గేదెలేనండి!" అన్నాడు ఆయన.

అమ్మ విననట్టే లోపలికి వెళ్లిపోయింది. ఆ మాట చెప్పుకుని మేం చాలాకాలం నవ్వుకున్నాం.

ఆ పసరుతో లేచినవాళ్లు మాకు తెలిసి ఒక్కరే, మా నాన్న. పెళ్లయిన కొత్తలో కొబ్బరిచెట్టు మీంచి పడి నడుం కిందంతా చచ్చుబడిపోతే, వాళ్లమ్మ పసరు పోసి లేపిందట. తర్వాత ఆయన కలప అడితీలో దుంగలు మోయించాడు. బుర్రమీసాలు, బండగొంతు. అంత మనిషికీ ఒక వింత అలవాటు ఉండేది. ఏ పని మొదలెట్టినా ముందు కుడిచేత్తో లేని కొంగు లాగి నడుముకి దోపుకునేవాడు. అడితీ కూలీలు చాటున అనుకరించి నవ్వేవారు. మేం ఎదురుగానే నవ్వేవాళ్లం. అమ్మ మాత్రం ఎప్పుడూ నవ్వలేదు.

పసరు ఇళ్లలో ఒక ఆచారం ఉంది. మందు సంగతి కూతురికి చెప్పరు, కోడలికి చెబుతారు. చెవిలో చెబుతారు, ఒక్కసారే చెబుతారు. విన్నవాళ్లు తిరిగి అడగకూడదు. అడిగితే మందు పలచబడిపోతుందని నమ్మకం.

మా ఆవిడ సత్యవేణి దివాన్‌చెరువు అవతల ఒక మందుల పరిశోధన కేంద్రంలో సైంటిస్టు. నేను ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌ని. అత్తాకోడళ్లకి నా మీద విసుక్కోవడంలో తప్ప ఏ విషయంలోనూ పోలిక లేదు, అయినా బాగానే పొసిగేది. ఒక ఏకాదశి పొద్దున అమ్మ తలస్నానం చేసి, కోడల్ని పీటమీద కూర్చోబెట్టి, చెవిలో అంటుతీగ సంగతి చెప్పింది. కోడలి చెవిలో పడింది కొడుకు చెవికి చేరకుండా ఉంటుందా? పసరు ఎంత పొయ్యాలో చెప్పాక అమ్మ అన్న ఆఖరి మాట ఇది: "తోడు లేకుండా వెయ్యకు. తోడు ఇంట్లోదే అవ్వాలి. అరువు తోడు పనికిరాదు."

ప్రతి ఇంట్లోనూ రాత్రి పాలు తోడెట్టడం ఉన్నదే. తోడు లేకపోతే పక్కింట్లో అడిగి తెచ్చుకోవడమూ ఉన్నదే. పసరుని ఇంటి పెరుగుతో తోడుపెట్టి పులియబెట్టాలన్నమాట అనుకుంది సత్యవేణి. తిరిగి అడగడానికి లేదు.

అలాగే చేసింది. పసరులోంచి సారం తీసి, ఇంటి పెరుగుతో పులియబెట్టి, నడుం నరం దెబ్బతిన్న ఎలకలకి పట్టింది. ఈడ్చుకునే ఎలకలు నడిచాయి. నడిచినవి పరిగెత్తాయి. లాబ్ అంతా పండగ చేసుకున్నారు. పెరుగు కలపకుండా ఇస్తే ఏమవుతుందో చూడలేదా అని తర్వాతెప్పుడో అడిగాను. "చెవిలో చెప్పిన మాటండీ. దాన్ని పరీక్ష పెట్టబుద్ధి కాలేదు" అంది. లేచిన ఎలకతో ఒకే బోనులో ఉన్న జత ఎలక మాత్రం రోజురోజుకీ చిక్కిపోయేది. ఒంటరిగా ఉంచితే ఎలకలు బెంగపెట్టుకుంటాయట, అందుకని జతగా ఉంచుతారు. లేచినది ఆకలి మీదుండి రెండోదాని తిండి కూడా లాగేసుకుంటోందని సరిపెట్టుకున్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా అమ్మ పడిపోయింది. పెద్ద డాక్టర్లు చూశారు, ఇంతకంటే మెరుగుపడదన్నారు. మనుషుల మీద ఇంకా పరీక్షించని మందది. వేణి వద్దంటే వద్దంది. నేనే బతిమాలి బతిమాలి తన ప్రాణం తీశాను. కన్నతల్లి నోటికి ముద్ద అందక పక్కకి కారిపోతుంటే చూడలేకపోయాను. చివరికి ఒక ఉదయం ఆ చుక్కల మందు ఇంటికి తెచ్చింది. సీసా చూడగానే అమ్మ కళ్లు పెద్దవి చేసి, "తో... తో..." అంది. పడిపోయాక నోట్లోంచి వచ్చిన మొదటి శబ్దం అది.

"తోడా అత్తయ్యగారూ? వేశానండి. మనింటి పెరుగే వేశాను" అంది వేణి, చెవి దగ్గర వంగి.

అమ్మ తల అడ్డంగా ఊపింది. నేను వంటింట్లోకి పరిగెత్తి పెరుగు గిన్నె తెచ్చి చూపించాను. ఎడంచేత్తో గిన్నె విసిరికొట్టింది. మంచం మీద, గోడమీద పెరుగు. రోగం మనిషిని ఎంత మొండిగా మార్చేసిందని బాధపడి, నేనే పట్టుకుని మందు పోయించాను.

చెయ్యి కదిలాక అమ్మ కోలుకోవడం కళ్లముందే జరిగింది. కాలు ఆడింది. లేచి కూర్చుంది. కానీ ధృతి దగ్గరికొస్తే చాలు, తోసేది. కొట్టేది. "పో, పో" అనేది. ఆ పిల్లంటే మా అమ్మకి ప్రాణం. నోరు తిరక్క దుత్త అని పిలిచేది. "ధృతి ఏంటిరా, వేరే పేరు దొరకలేదా? ఇది నా పాలదుత్త" అని ఎత్తుకు తిప్పేది. అలాంటిది ఇప్పుడు చూస్తేనే ఏడుపు. మెదడు దెబ్బతింటే అయినవాళ్లమీదే కోపం వస్తుందట, చనువు పెరిగితే తగ్గుతుందని ఎవరో చెప్పారు. దాంతో పిల్లని ఇంకా ఎక్కువసేపు మామ్మ దగ్గరే కూర్చోబెట్టాం. అక్కడే హోంవర్కు, అక్కడే నిద్ర. గదిలో అడుగుపెడితే దోసకాయ వాసన గుప్పుమనేది. అమ్మ ఊపిరిలోంచి వచ్చేది. మందు పని చేస్తోందని మురిసిపోయాం.

ఒక పొద్దున నేను డ్యూటీకి బయల్దేరుతుంటే గదిలోంచి స్పష్టంగా పిలుపు వినిపించింది. "నాన్నా!"

మా అమ్మ గొంతు. ముద్దొస్తే కొడుకుని నాన్నా అని పిలవడం మన ఇళ్లలో ఉన్నదే, కానీ మా అమ్మ నన్ను ఏనాడూ అలా పిలవలేదు. ఏరా భద్రీ అనేది, కోపమొస్తే వీరభద్రం అనేది. అంత కష్టం నుంచి లేచి ప్రేమ పొంగిందేమో అనుకున్నాను. కళ్లల్లో నీళ్లొచ్చాయి. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను.

అమ్మ నావైపు చూసి, "ట్వెల్వ్ సెవెన్ జా ఎయిటీ ఫోర్" అంది.

బడి మొహం చూడని మనిషి. ఇంగ్లీషులో ఒకటి రెండు కూడా రావు. ఆ రోజు పిల్లని తోసినప్పుడు ఎక్కం ఎక్కడ ఆగిందో అక్కణ్నించి అందుకుని, తడబడకుండా చివరిదాకా చెప్పేసింది. చెబుతున్నంతసేపూ కళ్లల్లోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. నోరు ఒకటి చెబుతోంది, కళ్లు ఇంకేదో చెబుతున్నాయి.

పక్కన పడుకున్న ధృతిని లేపి, "ఏదమ్మా, నువ్వు చెప్పు, ట్వెల్వ్ సెవెన్ జా?" అన్నాను. పిల్ల చాలాసేపు ఆలోచించింది. "అంటే ఏంటి నాన్నా?" అంది.

నిద్రమత్తులే అనుకున్నాను. అనుకోవాలనుకున్నాను.

తర్వాత ఒక మధ్యాహ్నం అమ్మ వరండాలో నడుస్తోందని సంబరంగా వెళ్లి చూశాను. నడవడం లేదు. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, ఒంటికాలి మీద, గీత తొక్కకుండా ఒక్కో గచ్చుపలకలోకీ గెంతుతోంది. తొక్కుడుబిళ్ల. డెబ్బై దాటిన మనిషి. ఆఖరి పలకలోకి గెంతి, గిర్రున తిరిగి, "అవుట్ కాలేదు!" అంది. ధృతి గోడకి ఆనుకుని కూర్చుని చూస్తోంది. దాని కుడిచెయ్యి ఒళ్లో వెల్లకిలా పడి ఉంది. నేను దగ్గరికి తీసుకుంటే దాని తల మీంచి దోసకాయ వాసన వచ్చింది.

అదే రోజున, అక్కడ లాబ్‌లో, వేణి ఇంకొకటి చూస్తోంది. బాగుపడిన ఎలక నడక ఎంత కుదిరిందో చూడటానికి దాన్ని మెలికల దారులున్న పెట్టెలో వదిలింది. అది ఆ పెట్టెలో ఎన్నడూ అడుగుపెట్టలేదు. అయినా ఒక్క మలుపు తప్పకుండా నేరుగా వెళ్లి, చివరనున్న శనగగింజ అందుకుంది. వేణి మళ్లీ వదిలింది. మళ్లీ అంతే. అప్పుడు దాని జత ఎలక సంగతి గుర్తొచ్చింది. ఆ పెట్టెలో దారి కనుక్కోవడం నేర్పి, పని అయిపోయాక ఈ బోనులో పడేసిన ఎలక అది. దాన్ని తెచ్చి వదిలితే మొదటి మూలలోనే ముక్కు గోడకి ఆనించి కూర్చుండిపోయింది.

వేణి చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చేసింది. ఆటో దిగి, నాతో మాట్లాడకుండా నేరుగా గదిలోకి వెళ్లి, అమ్మ పక్కనున్న పిల్లని లాక్కుని నా చేతుల్లో పెట్టింది. "బయటికి తీసుకుపొండి. ఈ గదిలోకి రానివ్వకండి" అంది. తర్వాత అత్తగారి ముందు మోకాళ్లమీద కూర్చుంది.

"అత్తయ్యగారూ, అడక్కూడదన్నారు. అడుగుతున్నాను. తోడంటే పెరుగు కాదా? మనిషా?"

అమ్మ నోరు తెరిచింది. ఏదో చెప్పాలని చూసింది. "మిస్ తిడుతుంది... టిఫిన్ బాక్సు..." అని ధృతి మాటలే వచ్చాయి. నోరు మూసుకుంది. గోడమీద నాన్న ఫొటోకేసి చూసింది. కుడిచెయ్యి ఎత్తి, కొంగు లాగి, నడుముకి దోపుకుంది. ఫొటో వైపు వేలు చూపించింది. మళ్లీ కొంగు లాగి దోపుకుంది.

నాకు అర్థమైంది. ఇన్నేళ్లూ మేం నవ్వింది ఎవరి కొంగుని చూసో.

మా నాయనమ్మ నేను పుట్టేసరికే మాటాపలుకూ లేని మనిషి. మూల కూర్చోబెడితే కూర్చునేది, ముద్ద పెడితే తినేది. వయసు మీదపడి అలా అయిందనుకునేవాళ్లం. నాన్నకి తోడు కూర్చున్నది ఆవిడే. కొడుకుని లేపి, తన కొంగు కూడా వాడికే ఇచ్చేసింది. పూర్తిగా మూగబోయేముందు కొత్తకోడలి చెవిలో ఆ మాట చెప్పింది. అదే తోడు. కోరుకొండ రైతింట్లో లేనిది అదే. ఆయనే తోడు కూర్చుంటే ఆ చంటిపిల్లలకి దిక్కుండదని అమ్మ మందివ్వలేదు.

"మందు నరాన్ని మొలిపించట్లేదండీ" అంది వేణి. "తిన్నవాళ్ల ఊపిరిలోంచి పక్కవాళ్లకి ఎక్కి, వాళ్ల దగ్గరున్నది తెచ్చి ఇక్కడ నాటుతోంది. కడియం నర్సరీలో అంటు కట్టడం చూళ్లేదూ?"

మా గ్యారేజీలో కూడా అదే పని. ఆగిన బండికి పార్టు కావాలంటే పక్కబండిది ఊడదీస్తాం. ఒకటి రోడ్డెక్కుతుంది, రెండోది మూలపడుతుంది. పడేది ఇనుమే కదా అని ఏనాడూ బాధపడలేదు.

మందు ఆపేశాం. పిల్లని మా అత్తారింట్లో ఉంచాం. ఆగుతుందనుకున్నాం. ఆగలేదు. పాలల్లో తోడు ఒకసారి పడ్డాక గిన్నె ఏ గదిలో పెట్టినా ఒకటే. ధృతి కాలు ఈడ్చడం మొదలెట్టింది. మాటలు వెతుక్కునేది, తర్వాత వెతకడం మానేసింది. డాక్టర్లు స్కానింగులు తీసి, "పాపకి ఏమీ లేదండి, అంతా బాగుంది" అన్నారు. ఒక రోజు దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని నీ పేరేంటమ్మా అంటే, నవ్వి నా చొక్కా గుండీతో ఆడుకుంది. ఆ నవ్వు చూశాక నేను బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకుని నోట్లో తువ్వాలు కుక్కుకుని ఏడ్చాను.

ఉన్నది ఒక్కటే దారి. పిల్లకి మందు వెయ్యడం. వేస్తే ఎవరో తోడు కూర్చోవాలి.

"నేను కూర్చుంటాను" అంది వేణి.

"నేనున్నాను కదా! నువ్వెందుకు?" అన్నాను నేను. ఇద్దరం పోట్లాడుకున్నాం. పెళ్లయ్యాక అంత గట్టిగా అరుచుకున్నది ఎప్పుడూ లేదు. ఆ అరుపుల మధ్య గుమ్మంలోంచి మాట వినపడింది.

"దుత్త."

అమ్మ. గోడ పట్టుకుని నిలబడింది. ఇన్నాళ్లకి తన సొంతమాట వచ్చింది. ఒక్కో ముక్కా లోపల్నించి బలంగా లాక్కుంటున్నట్టు, చెమటలు కారుతూ మాట్లాడింది.

"ఇది నాది కాదు. దానిది. దానిది దానికెట్టెయ్యండి."

"అత్తయ్యగారూ, మీరు..."

"నువ్ పోతే దానికి అమ్మెవరే? అప్పుడూ ఇంతే. నేను కూచుంటానంటే మా అత్త కూచోనివ్వలేదు." ఊపిరి పీల్చుకుంది. "తోడు ఇంట్లోదే అవ్వాలి. పెద్దది అవ్వాలి. తెలిసి కూచోవాలి."

వేణి ఏడుస్తూ అడిగింది. "దానిది ఒక్కటే వెనక్కి వస్తుందా అత్తయ్యగారూ? పెరుగయ్యాక తోడుని విడదియ్యగలమా?"

అమ్మ వెళ్లి మంచం మీద దుప్పటి దులిపింది.

మర్నాడు పొద్దున ఎండ గదిలోకి వచ్చే వేళకి పిల్లకి మందు పోశాం. అమ్మ దాన్ని పొట్టకి కరుచుకుని పడుకుంది. ఇప్పుడు తోసెయ్యలేదు. మేం కిటికీ అవతల వరండాలో కూర్చున్నాం. కొన్నాళ్లపాటు అదే మా బతుకు. అన్నం గిన్నె లోపల పెట్టి వెంటనే బయటికి రావడం, కిటికీలోంచి చూడటం. మొదట్లో అమ్మ కిటికీకేసి చూసి ఏదో ఒకటి అనేది. కందిపప్పు మాడిపోతోందనో, నేను చిక్కిపోయాననో. తర్వాత చూపు మాత్రమే. ఆ తర్వాత చూపు కిటికీ దాకా రావడం మానేసింది. అమ్మ పక్కన ధృతి కాళ్లాడించడం మొదలెట్టింది. ఒక మధ్యాహ్నం లేచి కూర్చుని, "అమ్మా, ఆకలేస్తోంది" అంది. వేణి కిటికీ ఊచలు పట్టుకుని అలాగే కిందికి జారిపోయింది.

ఎక్కాలన్నీ వచ్చాయి. పేరు వచ్చింది. కాలు బాగుపడింది. మా అమ్మ మూల కూర్చోబెడితే కూర్చునేది, ముద్ద పెడితే తినేది. వానలు మొదలయ్యే ముందు నిద్రలోనే పోయింది. ఏడ్చాం. ధృతి ఏడవలేదు. శవం దగ్గర కూర్చుని, అమ్మ నుదుటిమీద జుట్టు సర్ది, "హమ్మయ్య" అంది. చుట్టాలు ఆ మాటకి చెవులు కొరుక్కున్నారు.

వేణి ఉద్యోగం మానేసే ముందు ఆ కేంద్రం పెద్ద మూర్తిరాజుగారికి జరిగింది చెప్పింది. మందు ఆపించడానికే చెప్పింది. ఆయన పెద్దమనిషే, మర్యాదస్తుడే. శ్రద్ధగా విని, అమ్మ పోయినందుకు విచారించి, ఇలా అన్నాడు.

"అయితే పనిచేస్తుందన్నమాటేనండీ, ఏవండీ? తోడు కూర్చోడానికి మనుషులు దొరకరంటారా? జీతమిస్తే ఇంటికొకళ్లు వస్తారండి."

"అరువు తోడు పనికిరాదండి" అంది వేణి.

"ఎందుకని?"

"మా అత్తగారు చెప్పారండి. తిరిగి అడక్కూడదు."

లాబ్‌లో ఉన్న సారమంతా తనే పారబోసింది. పెరట్లో తీగ పీకడానికి ఇద్దరం కత్తి పట్టుకుని వెళ్లాం. తీరా వెళితే గోడవార కరివేప, జామ, నందివర్ధనం, ఏ ఆకు దేనిదో తెలియలేదు. అన్నీ కొట్టేద్దామంది వేణి. వరండాలోంచి ధృతి నవ్వు వినపడింది. "మీకు దొరకదులే" అంది. ఆకు నలిపి చూపించమని అడిగితే తల అడ్డంగా ఊపింది. "నా కోడలొస్తే చెబుతాను" అంది. దానికప్పుడు పదేళ్లు. చెట్లన్నీ కొట్టేశాం. ఏదో ఒక వేరు ఉండిపోయిందేమో, అప్పుడప్పుడు వాన పడితే పెరట్లో దోసకాయ వాసన వస్తుంది.

ఇప్పుడు ఇల్లు మామూలుగానే ఉంది. ధృతి బడికి వెళ్తుంది, లెక్కల్లో మంచి మార్కులు తెచ్చుకుంటుంది, టీవీ కోసం అలుగుతుంది. ఒక్కోసారి మాత్రం వేణిని మా అమ్మలాగే "అమ్మాయ్" అని పిలుస్తుంది. వేణి ఒక్క క్షణం ఆగి, పలుకుతుంది.

నిన్న సాయంత్రం నేను గ్యారేజీ నుంచి వచ్చేసరికి ధృతి వంటింట్లో ఉంది. పాలు తోడెడుతోంది. గిన్నెలో వేలు ముంచి వేడి చూసింది. చెంచాడు పెరుగు వేసి, కలిపి, మూతపెట్టింది. గౌను మీదే కుడిచేత్తో లేని కొంగు లాగి నడుముకి దోపుకుని నావైపు తిరిగింది. ఆ దోపుకోవడం నాన్నదో, నాయనమ్మదో, అమ్మదో నాకు తెలియదు. చూపు మాత్రం మా అమ్మది.

"ఏరా భద్రీ, మొహం అలా పీక్కుపోయిందేంటి? అన్నం తిన్నావా?"

గుమ్మానికి చెయ్యి ఆనించి నిలబడిపోయాను. కూతురికి జవాబు చెప్పాలా, తల్లికి చెప్పాలా? ఏది చెబితే రెండోవాళ్లని పోగొట్టుకుంటానో అని భయం వేసింది. అప్పుడు గుర్తొచ్చింది. మన ఇళ్లలో కూతుర్ని కూడా అమ్మా అనే పిలుస్తాం కదా.

"తిన్నానమ్మా" అన్నాను.